దేనికని అడగని ఇల్లు

సంచీ మూడోసారి ఖాళీ అయి మంచం మీద బోర్లా పడింది.

"వదినా, నన్ను సర్దుకోనిస్తావా లేదా?" అంది ఆడపడుచు, నడుం మీద చేతులు పెట్టుకుని. "బస్సు రెండున్నరకి. నువ్విలా పెడుతూ తీస్తూ ఉంటే వచ్చే గురువారం బస్సు కూడా నాకు అందదు."

"సబ్బు అడుగున పెట్టావు."

"పెడితే?"

"తడిసిందంటే బట్టలన్నీ నురగే."

"నేనెక్కేది బస్సు వదినా, పడవ కాదు."

కాజాలమ్మ నవ్వలేదు. సబ్బును ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఆ కవరును ఇంకో కవరులో పెట్టి, మూతికి దారం కట్టింది. కట్టాక మళ్ళీ విప్పి, లోపల సబ్బు ఉందో లేదో చూసి, మళ్ళీ కట్టింది.

ఈ ప్రయాణం ఎలా ఖాయమైందో కిందటి వారం చదివినవారికి తెలుసు. చదవనివారి కోసం నాలుగు ముక్కలు. కాజాలమ్మ స్కూలు యూనిఫాంలు కుట్టే కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. కాలర్లు ఒకరు కుడతారు, చేతులు ఒకరు అతుకుతారు. బొత్తాలు దూరే కాజాలు మాత్రం ఆమెవే. అందుకే అందరికీ ఆమె కాజాలమ్మ. భర్త వడ్రంగి, చర్చి సంఘంలో పెద్ద. పిల్లలు లేరు. భర్త చెల్లెలు పద్నాలుగో ఏట తల్లి పోయాక అన్నా వదినల చేతుల్లోనే పెరిగి, ఇక్కడే చదువుకుని నర్సయింది. మంచం దిగలేని రోగుల్ని చూసుకునే ఒక ఆశ్రమం నుంచి ఆ పిల్లకి పిలుపొచ్చింది. పదకొండు గంటల దూరం. జీతం ఉందనీ లేదనీ చెప్పలేనంత తక్కువ. కాజాలమ్మ వారం రోజులు ముఖం ముడుచుకుని, ఎనిమిదో రోజున "సరే, వెళ్ళు" అంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా లేచి నిలబడి ఆ పిల్ల కోసం ప్రార్థన చేసింది. "సేవ చేసే గుణం ఈ అమ్మాయికి ఇంట్లోనే అబ్బింది" అంటూ పాస్టరుగారు, అందరికీ కంఠతా వచ్చిన సాక్ష్యాన్ని మరోసారి చెప్పారు. పదకొండేళ్ళ కిందట ఒక ఉదయం, మేడ కడుతున్న చోట పరంజా మీంచి ఒక కూలీ పడిపోయాడు. జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. అటుగా పోతున్న మన వడ్రంగి ఆ ముక్కూ మొహం తెలియని మనిషిని భుజాన వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. చీకటి పడే వేళ దాకా అతని చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. ఆ మనిషి ఆ చెయ్యి పట్టుకునే కన్నుమూశాడు.

వడ్రంగి ఎప్పటిలాగే తల వంచుకుని విన్నాడు. ఎంత అణకువో చూడండి, అనుకున్నారు అందరూ.

ఇక ఈ ఇంటి పద్ధతి ఒకటి ఉంది. అది కూడా చెప్పకపోతే ఈ గురువారం జరిగింది అర్థం కాదు.

కాజాలమ్మ మామగారు పెట్టిన పద్ధతి అది. ఇంట్లోంచి ఎవరు ప్రయాణం మీద బయల్దేరినా, గుమ్మంలో ఆగి, వెళ్ళేవాళ్ళూ ఉండేవాళ్ళూ ఒకరినొకరు క్షమాపణ అడగాలి. "నావల్ల నీకు నొప్పి కలిగి ఉంటే క్షమించు" అని ఒకరు. "క్షమించాను, వెళ్ళిరా" అని మరొకరు. అంతే. దేనికని మాత్రం అడగకూడదు. "దేనికని అడిగామంటే తూకం వేస్తున్నట్టే. ప్రభువు మనల్ని తూకం వేశాడా?" అనేవాడు ముసలాయన. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయినా ఆ ఇంట్లో ఒక్కరూ దేనికని అడగలేదు.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు కాజాలమ్మకి ఇది వింతగా ఉండేది. పుట్టింట్లో అయితే తమ్ముడూ తానూ జుట్లు పట్టుకునేవాళ్ళు, అమ్మ ఇద్దరికీ చెరొకటి ఇచ్చేది, అక్కడితో సరి. ఇక్కడ దెబ్బలాట లేదు, గొడవ లేదు, గుమ్మంలో ఒక మాట. మొదట్లో కుతూహలం చంపుకోలేకపోయేది. మామగారు క్షమించమన్నాడంటే తన గురించి ఎవరితో ఏమన్నాడో అని రెండు రోజులు ఆలోచించేది. రాను రాను అలవాటైపోయింది. చిన్నప్పుడు ఆడపడుచు అయితే, "వదినా, రేపు చేయబోయేది కూడా కలిపి క్షమించెయ్" అనేది. కాజాలమ్మ కూడా, "ఎల్లుండిది కూడా కలిపేశాలే, పో" అనేది.

ఇప్పుడు ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు. రెండు జతల తెల్ల యూనిఫాంలు మడిచి సంచీలో పెట్టింది. పెట్టి, అలాగే మంచం మీద కూర్చుండిపోయింది.

"వదినా, ఇలా కూర్చో."

"తువ్వాలు పెట్టావా?"

"పెట్టాను."

"రెండోది?"

"అదీ పెట్టాను. కూర్చో, నీతో ఒక మాట చెప్పాలి. గుమ్మంలో అన్నయ్య ఉంటాడు, అక్కడ చెప్పలేను."

కాజాలమ్మ కూర్చుంది. చేతిలో ఇంటికి తెచ్చుకున్న పని ఉంది, ఒక పసిపిల్ల సైజు చొక్కా. ఐదు కాజాల్లో మూడు అయ్యాయి. నాలుగోదానికి కత్తెరతో గాటు పెట్టింది.

"మన పద్ధతి తప్పుతున్నాను, ఏమనుకోకు. దేనికో చెప్పి క్షమాపణ అడుగుతాను. వెళ్ళేటప్పుడైనా చెప్పకపోతే నా మనసు ఊరుకోదు."

"ఏం పగలగొట్టావు?" అంది కాజాలమ్మ.

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "మీ అమ్మగారి సంగతి వదినా. ఆ ఫోన్ సంగతి."

కాజాలమ్మ సూది గుచ్చింది, లాగింది.

"ఆ రోజు మందుల షాపులోంచి నన్నే కదా పిలిచారు, ఫోనొచ్చిందని. మీ తమ్ముడు. 'మీ వదినని వెంటనే పంపు, అమ్మ ఇంకా మాట్లాడుతోంది, ఆలస్యం చేస్తే లాభం లేదు' అన్నాడు. నేను పరిగెత్తుకుంటూ షెడ్డుకి వెళ్ళి అన్నయ్యకి చెప్పాను. 'నేను కుట్టు కేంద్రానికి వెళ్ళి చెప్తాలే, నువ్వు స్కూలుకి వెళ్ళు' అన్నాడు. వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి నువ్వు మిషను ముందు కూర్చుని పాట పాడుకుంటున్నావు. నీకు తెలీదని అర్థమైపోయింది. చెప్పాల్సింది. చెప్పలేదు. చీకటి పడ్డాక అన్నయ్య వచ్చి, 'పొద్దున వెళ్తుందిలే, నువ్వు నోరెత్తకు' అన్నాడు. నోరెత్తలేదు."

సూది ఆగలేదు. గాటు అంచు చుట్టూ దారం ఒక్కో ముడి వేసుకుంటూ పోయింది.

"మర్నాడు నువ్వు బయల్దేరేటప్పుడు గుమ్మంలో నేను క్షమించమన్నాను. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నన్నే చూశావు. చాలాసేపు, వదినా. అప్పుడు తెలిసింది నాకు, నీకు అంతా తెలిసిపోయిందని. తెలిసి కూడా, క్షమించాను అన్నావు. వచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు."

ఆ రోజు తాను ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఏం ఆలోచించిందో కాజాలమ్మకి గుర్తుంది. పొయ్యి ఆర్పానా లేదా అని ఆలోచించింది.

"పదిహేనేళ్ళ పిల్లని. దేవుడంటే ఏమిటో, క్షమించడమంటే ఏమిటో ప్రతి ఆదివారం వింటూనే ఉన్నా. కానీ కళ్ళతో చూసింది నీలోనే. నర్సు చదువుకి వెళ్ళింది కూడా అందుకే. ఇప్పుడు ఆశ్రమానికి వెళ్తున్నదీ అందుకే. మొన్న పాస్టరుగారు అన్నయ్య సాక్ష్యం చెప్పారు కదా, నాకు మాత్రం లేచి నీ సాక్ష్యం చెప్పాలనిపించింది. అన్నయ్య ఆ కూలీ మనిషి దగ్గర కూర్చోబట్టే కదా నీ దగ్గరికి రాలేకపోయాడు, అదీ క్షమించావు నువ్వు. ఎవరు చేస్తారు వదినా అంత పని?"

"ఆ కూలీ పడింది ఆ రోజేనా?" అంది కాజాలమ్మ.

"ఆ రోజే కదా. నీకు తెలుసుగా."

కాజాలమ్మకి తెలియదు. అమ్మ కార్యక్రమాలన్నీ ముగించుకుని రెండు వారాలకు ఆమె ఇంటికి వచ్చేసరికే ఆ కూలీ సంగతి సంఘమంతా చెప్పుకుంటోంది. తాను లేనప్పుడు ఎప్పుడో జరిగిందనుకుంది. ఏ రోజని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

"తెలుసుగా వదినా?" ఆ పిల్ల గొంతు కొంచెం మారింది.

కాజాలమ్మ తలెత్తి ఆడపడుచు ముఖంలోకి చూసింది. నిద్ర చాలని కళ్ళు, నుదుటి మీద చిన్నప్పటి గంటు, బిగపట్టిన పెదవులు. ఇప్పుడు లేదంటే ఏమవుతుందో ఆమెకి కనిపించింది. ఈ సంచీ నాలుగోసారి ఖాళీ అవుతుంది. ఈసారి మళ్ళీ సర్దరు.

"తెలుసు" అంది.

ఆ పిల్ల ఒక్కసారిగా ఊపిరి వదిలి, వదిన ఒళ్ళో తల పెట్టేసింది. చొక్కాకి సూది వేలాడుతోంది, గుచ్చుకుంటుందేమోనని కాజాలమ్మ చొక్కాని పక్కకి జరిపింది. తల మీద చెయ్యి వేసింది. వేయాలి కాబట్టి వేసింది. చెయ్యి బరువుగా, ఎవరిదో తెచ్చి తన భుజానికి అతికించినట్టు ఉంది.

"బ్రెడ్డు సాయంత్రమే తినెయ్" అంది. "రేపటిదాకా ఉంచితే గట్టిపడుతుంది."

తమ్ముడు గుర్తొచ్చాడు. ఆ గురువారం ఆమె బస్సు దిగి ఇంటి ముందుకి వెళ్ళేసరికి తమ్ముడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇప్పుడా రావడం?" అన్నాడు. ఆ ఒక్క మాటే. దుఃఖంలో ఉన్నాడనుకుంది. ఆ రెండు వారాలూ ఆమెతో మాట్లాడలేదు. తర్వాత రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. కూతురి పెళ్ళికి పిలవలేదు. తానేం తప్పు చేసిందో తెలియక కాజాలమ్మ పదకొండేళ్ళు ప్రతి ప్రార్థనలోనూ, నా తమ్ముడి మనసు మార్చు ప్రభువా, అని వేడుకుంది. పాపం, వాడి మనసులో మార్చవలసింది ఏమీ లేదు. కబురు పెట్టాడు, అక్క రాలేదు. ఎవరైనా అంతే అనుకుంటారు.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. గోడ మీద గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. లేచి, చొక్కాని మిషను మీద పెట్టి, పెరటి తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

వడ్రంగి ఒక కిటికీ రెక్కకి చిత్రిక పడుతున్నాడు. కాళ్ళ చుట్టూ చెక్కపొట్టు. ఆమెని చూసి, చెయ్యి ఆపకుండానే, "అయిందా సర్దడం? ఇంకా సంచీ మీద కూర్చుని కుస్తీ పడుతున్నారా?" అన్నాడు.

"మా తమ్ముడు ఫోన్ చేసింది ఏ రోజు?"

చిత్రిక సగంలో ఆగింది. ఏ ఫోనని అతను అడగలేదు.

"అది చెప్పిందా?" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

"బుధవారం."

"ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి. తొమ్మిదింపావు అయి ఉంటుంది."

"గురువారం పొద్దున అన్నారు మీరు నాతో. ఇప్పుడే ఫోనొచ్చింది, వెంటనే బయల్దేరు అన్నారు."

"అన్నాను."

"అమ్మ పోయింది బుధవారం సాయంత్రం ఆరింటికి. పదకొండింటికి బస్సుంది. ఎక్కి ఉంటే నాలుగింటికల్లా అక్కడ ఉండేదాన్ని."

"తెలుసు" అన్నాడు. "ఆ లెక్క నేను చాలాసార్లు వేశాను."

ఆమె తలుపు చెక్కకి ఆనుకుని నిలబడింది. గొంతు పెంచలేదు. కుట్టు కేంద్రంలో కొలతలు అడిగినట్టే అడుగుతోంది.

"మర్చిపోయారా? ఆ మనిషి పడిపోయిన హడావిడిలో మర్చిపోయారా?"

అవునంటే సరిపోయేది. ఆమె అందుకే అలా అడిగింది. అవును అనడానికి వీలుగా మాటల్ని అతని ముందు పరిచి పెట్టింది. వడ్రంగి చిత్రికని పక్కన పెట్టి, రెండు చేతులూ చొక్కాకి తుడుచుకున్నాడు.

"మర్చిపోలేదు" అన్నాడు. "నీ దగ్గరికే వస్తున్నాను. దారిలో అతను పడి ఉన్నాడు. ఎత్తాను. ఆస్పత్రిలో చేర్చేసరికి పది. అప్పుడు పరిగెత్తినా నీకు బస్సు అందేది. లేవబోయాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు."

"నర్సుని పంపచ్చు. వార్డు బాయ్‌ని పంపచ్చు. ఎవరికైనా చెప్తే వచ్చేవాళ్ళు."

"వచ్చేవాళ్ళు."

"మరి?"

"అడగలేదు."

"ఎందుకని?"

అతను ఆమెకేసి కాక కిటికీ రెక్కకేసి చూశాడు. "ఇది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ప్రార్థనలో కూడా అనలేదు. వార్డులో అందరూ నన్నే చూస్తున్నారు. డాక్టరు భుజం తట్టాడు. పక్క మంచం ఆవిడ, నీలాంటి మనిషిని చూడలేదు బాబూ అంది. నాన్న ఉంటే చూసి ఉండేవాడు అనిపించింది. బాగుంది నాకు. నా కళ్ళముందు మనిషి పోతున్నాడు, నాకు బాగుంది. ఇక్కడ నేను ప్రభువు పని చేస్తున్నాను కదా, అక్కడ మీ అమ్మని ఆయనే చూసుకుంటాడులే అనుకున్నాను. అలా అనుకుంటూ పదకొండు దాటించాను. పదకొండు దాటాక ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు."

షెడ్డు రేకుల మీద ఏదో పక్షి టకటకా నడుచుకుంటూ పోయింది.

"మొన్న ఆదివారం కూడా తల వంచుకుని విన్నారు" అంది కాజాలమ్మ.

"ఏమని తలెత్తుకోను?"

"ఆ సంఘపెద్దల కుర్చీలోంచి లేచి చెప్పచ్చు కదా, అది అలా జరగలేదని."

"ఎన్నిసార్లు లేవబోయానో నీకు తెలీదు. లేస్తే అది నా కోసం తప్ప నీ కోసం కాదనిపించేది. చెప్పకపోతే కూడా నా కోసమే. ఏం చేసినా నా కోసమే అయి కూర్చుంటుంది. అయినా..." అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "మర్నాడు గుమ్మంలో నిన్ను అడిగాను కదా. క్షమించమన్నాను. నువ్వు క్షమించానన్నావు."

"దేనికో మీరు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

"ఈ ఇంట్లో అడగరు కదండీ."

ఆమె జవాబు కోసం అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. పద్ధతి తెలిసిన కోడలు, ఇన్నేళ్ళుగా ఒక్కసారి తప్పని కోడలు. ఆ గుమ్మంలో తాను ఎన్నిసార్లు ఆ మాట అందో, ఆ మాట కింద ఎవరెవరు ఏమేమి దాచి దాటించారో, లెక్క తెలియదు. ఒకటి మాత్రం తెలిసింది. తాను క్షమించలేదు. క్షమించవలసింది ఉందనే తెలియని మనిషి ఏం క్షమిస్తుంది? ఇన్నాళ్ళూ ఈ ఇద్దరూ తాను ఇచ్చిందనుకున్న దాన్ని తిని బతికారు. ఒకరు మంచిగా ఎదిగారు. ఇంకొకరు ఇదిగో, ఇలా తయారయ్యారు.

"అది ఏమనుకుంటోందో తెలుసా?" అంది. "నాకు అన్నీ తెలిసి క్షమించాననుకుంటోంది. అందుకే ఈ దారిలో పోతోందట."

వడ్రంగి ముఖం నల్లబడింది. "నువ్వేమన్నావు?"

"తెలుసన్నాను."

"అబద్ధం చెప్పావా?"

"ఆఁ. సంఘపెద్ద గారి ఇంట్లో ఇది రెండో అబద్ధం. మొదటిది ఎవరిదో మీకు తెలుసు."

అతను ఒక పక్క పెదవి కదిపాడు, నవ్వడానికి కాదు. "మీ తమ్ముడికి..." అన్నాడు. "నేను వెళ్ళి చెప్తాను. నీ తప్పేం లేదని చెప్తాను."

"పదకొండేళ్ళకా?"

"ఇప్పటికైనా."

"చెప్పండి, చెప్పకపోండి" అంది కాజాలమ్మ. అలా అంటున్నప్పుడు కూడా తనకి కోపం రావడం లేదని గమనించింది. పంటి డాక్టరు మత్తు సూది వేశాక నాలుకతో చిగుళ్ళు తడుముకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఉంది, కానీ తనది కాదు.

"అన్నయ్యా! ఒకటిన్నరయింది! భోజనానికి రండి ఇద్దరూ, మళ్ళీ వదిన నా సంచీ విప్పేస్తుంది!" లోపల్నుంచి ఆడపడుచు కేక వేసింది. ఆ గొంతులో పదకొండేళ్ళ బరువు దిగిపోయిన హుషారు ఉంది.

ముగ్గురూ కూర్చుని తిన్నారు. ఆడపడుచే మాట్లాడింది. ఆశ్రమంలో వంటావిడకి చెవుడట, ఉప్పు తక్కువైందని చెప్పాలంటే కాగితం మీద రాసి చూపించాలట. "నేను వెళ్ళాక ఉప్పు బొమ్మ గీయడం నేర్చుకుంటా" అంది. వడ్రంగి తలూపాడు. కాజాలమ్మ మారు వడ్డించింది. ఎవరి పళ్ళెంలో ఎంత మిగిలిందో చూసింది. గిన్నెలు తీసి కడిగింది.

రెండు గంటలకి ముగ్గురూ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

ఆడపడుచు ముందు అన్నయ్యకి ఎదురుగా నిలబడి ఆ మాట అంది. వడ్రంగి, "క్షమించాను, వెళ్ళిరామ్మా" అన్నాడు. తిరిగి అతను అడిగాడు. చెల్లెలు చెప్పింది. వాళ్ళిద్దరి గొంతులూ రోజూ పలికే మాటలు పలికినట్టే ఉన్నాయి. తర్వాత ఆ పిల్ల వదిన వైపు తిరిగింది.

"నావల్ల నీకు నొప్పి కలిగి ఉంటే క్షమించు వదినా."

పదిహేనేళ్ళ పిల్ల, భయపడింది, అన్న నోరెత్తకన్నాడు. దీనికి ఆలోచించనక్కర్లేదు. మొట్టమొదటిసారి దేనికో తెలిసి ఆ మాట అంటున్నానని కాజాలమ్మకి తెలుసు.

"క్షమించాను. వెళ్ళిరా. చేరగానే ఫోన్ చెయ్యి. నీళ్ళ సీసా మూత గట్టిగా బిగించావా?"

"బిగించాను."

"చూడు ఒకసారి."

ఆ పిల్ల నవ్వుతూ చూసి, వదినని గట్టిగా పట్టుకుని, వదిలి, మెట్లు దిగింది. సంచీ భుజాన వేసుకున్న వడ్రంగి మాత్రం దిగలేదు. బస్టాండు దాకా వెళ్ళొచ్చే మనిషి క్షమాపణ అడగనక్కర్లేదు. ప్రయాణమైతేనే ఆ పద్ధతి. అతను సంచీ కింద పెట్టాడు. కాజాలమ్మకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. జుట్టులో ఇంకా చెక్కపొట్టు ఉంది.

"మీ అమ్మ చివరి మాట నీకు దక్కకుండా చేశాను" అన్నాడు. చెల్లెలికి వినిపించనంత నెమ్మదిగా అన్నాడు. "నీ తమ్ముణ్ణి నీకు కాకుండా చేశాను. పదకొండేళ్ళు దాని మీద కూర్చుని మంచివాణ్ణనిపించుకున్నాను. క్షమించు."

దేనికో చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. ఆ గుమ్మంలో ఇంతకన్నా శుభ్రంగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కాజాలమ్మ నోరు తెరిచింది. ఆ మాట ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు. నాలుక చివరే ఉంటుంది. పాలవాడికి, పక్కింటామెకి, బస్సులో కాలు తొక్కినవాడికి కూడా ఇచ్చిన మాట. దాని కోసం చూసింది. అక్కడ ఏమీ లేదు. చొక్కా మీద నాలుగో కాజా సగంలో ఉందని గుర్తొచ్చింది.

"బస్సుకి టైమవుతోంది" అంది.

అతను కాసేపు ఆగాడు. ఇంకేమైనా అంటుందేమోనని కాదు, విన్నది సరిగ్గా విన్నానా అని ఆగినట్టు ఆగాడు. తర్వాత తలూపాడు. "గంటలో వచ్చేస్తాను" అన్నాడు. సంచీ ఎత్తుకున్నాడు. వీధి మలుపులో ఆడపడుచు వెనక్కి తిరిగి చెయ్యూపింది. కాజాలమ్మ కూడా ఊపింది. అతను తిరగలేదు. ఎప్పుడూ తిరిగే మనిషి కాదు.

ఆమె లోపలికి వచ్చి మిషను పక్కన కూర్చుంది. నాలుగో కాజా పూర్తిచేసింది. ఐదోది కూడా చేసింది. చొక్కా మడిచి ఇంకోటి తీసుకుంది. మూడున్నరకి లేచి టీ పెట్టింది, రెండు కప్పులకి. వచ్చాక ఆ మాట అనగలదా లేదా అని ఆలోచించింది. అనగలనేమో అనిపించింది. ఈరోజు కాకపోతే రేపు, వచ్చే నెల, ఎప్పుడో ఒకప్పుడు. మనిషి ఇంట్లోనే ఉంటాడు కదా, తొందరేముంది. రెండో కప్పు మీద మూత పెట్టింది.

బస్సు సరిగ్గా రెండున్నరకి కదిలిందని ఆడపడుచు ఆ తర్వాత చెప్పింది. కిటికీ దగ్గరికి వచ్చి అన్నయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాడట. ఆ తర్వాత వేరే బస్సులు ఆగే వైపు నడిచాడట. దేని కోసమో ఆమె అడగలేదు. ఆమె ఆరు వారాలకి సెలవు మీద ఇంటికి వచ్చింది, ఆ తర్వాత కూడా ఏటా వస్తూనే ఉంది. రానిది వడ్రంగి. చెల్లెల్ని బస్సెక్కించి గంటలో వస్తానన్న మనిషి ఆ గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు, ఆ తర్వాత ఏ రోజూ రాలేదు.